అమావాస్య నాటి గోపాలపూర్

మా ఇంట్లో దేవుడి గూటి పక్కన మేకుకు ఒక చిన్న సంచి వేలాడుతూ ఉంటుంది. చీర నేయగా మిగిలిన ఎర్రపట్టు ముక్కతో మా అమ్మ యాభై ఏళ్ళ క్రితం కుట్టిన సంచి అది. మూతికి పట్టుదారాన్నే పేని తాడుగా వేసింది. అందులో 69 గుల్లలు, ఒక చింతపిక్క ఉన్నాయి. గుల్లలంటే శంఖాలూ కావు, గవ్వలూ కావు. సముద్రం ఒడ్డున ఎక్కడ చూసినా కుప్పలుగా దొరికే, చొక్కా బొత్తాలంత గుల్లలే. అయినా పెళ్ళయ్యాక బరంపురం నుంచి ఇచ్ఛాపురానికి కాపురానికి వస్తున్నప్పుడు, పుట్టింటి నుంచి నేను నోరు తెరిచి అడిగి తెచ్చుకున్న వస్తువు అదొక్కటే.

మాది బరంపురంలో చేనేత కుటుంబం. గుడి గోపురాల వరుసలా అంచు తేలే ఆ ఊరి పట్టుచీరలకు ఒరిస్సా అంతటా పేరుంది. మా నాన్న గుంట మగ్గం మీద నేసేవారు. నేలలో తవ్విన గుంటలోకి కాళ్ళు దించి, గట్టు మీద కూర్చుని, కింద కాళ్ళతో తొక్కుడు చెక్కలు తొక్కుతూ, పైన చేతులతో నాడె ఆడిస్తూ, తెల్లవారింది మొదలు దీపాల వేళ దాకా అలాగే ఉండేవారు. ఒక్క పోగు తప్పినా అంచు చెడుతుంది గనుక ఆయన పనిలో ఉన్నంతసేపూ మాట్లాడేవారు కాదు. మేము పిల్లలం పక్క వసారాలో కూర్చుని కండెలు చుట్టేవాళ్ళం. ఇంట్లో మాటకన్నా మగ్గం చప్పుడే ఎక్కువగా వినబడేది. నాన్నకు మా మీద ప్రేమ లేదని నేను ఏనాడూ అనుకోలేదు కానీ, ఆయన ముఖం మాకు ఎప్పుడూ పక్క నుంచే కనిపించేది. ఆయన మాకు ఎదురుగా కూర్చునే రోజు నెలకు ఒక్కటే, అది అమావాస్య. ఆ రోజు మగ్గం ఆడించకూడదన్నది మా వీధి కట్టుబాటు.

కార్తీకం నుంచి ఫాల్గుణం దాకా, గాలివానల భయం తగ్గే ఆ నాలుగైదు నెలల్లో, అమావాస్య వచ్చిందంటే మేము సముద్రం ఒడ్డున ఉన్న గోపాలపూర్ వెళ్ళేవాళ్ళం. బరంపురానికి సుమారు 16 కిలోమీటర్లు. ఇప్పటి వాళ్ళకు అది సాయంత్రం షికారుకు వెళ్ళి వచ్చే దూరమే గానీ, మాకు అది ఏడాదికి నాలుగైదుసార్లు వచ్చే పండుగ. ముందురోజు రాత్రే అమ్మ చింతపండు నానబెట్టేది. తెల్లవారుజామున లేచి పులిహోర కలిపి, పెరుగన్నంలో అల్లం ముక్కలు వేసి, ఆవకాయను అరిటాకులో పొట్లం కట్టి, రెండు ఇత్తడి టిఫిన్ గిన్నెల్లో సర్దేది. మామ్మ, అంటే నాన్న వాళ్ళ అమ్మ, సముద్రస్నానానికని పసుపు, కుంకుమ, రెండు అరటిపళ్ళు మూట కట్టుకునేది. తమ్ముడు, చెల్లి, నేను, వీళ్ళతో పాటు పక్కింటి ఒడియా వాళ్ళ ముగ్గురు పిల్లలు. పెద్దలూ పిల్లలూ కలిపి తొమ్మిదిమందిమి మొదటి బస్సు ఎక్కేవాళ్ళం. ఊరు దాటాక దారికి ఇరువైపులా మొగలి పొదలు వచ్చేవి. మా గంజాం జిల్లా మొగలిపూవుకు దేశంలో వేరే ఎక్కడి పూవుకూ లేని గిరాకీ ఉంది. దాన్నుంచి అత్తరు తీసే బట్టీలు ఆ చుట్టుపక్కల పల్లెల్లో ఈనాటికీ ఉన్నాయి. పూసే కాలమైతే ఆ వాసన బస్సు కిటికీల్లోంచి వచ్చేది. మొగలి వాసన పోయి ఉప్పుగాలి తగిలిందంటే ఊరొచ్చినట్టే.

బస్సు దిగగానే మేము సముద్రం వైపు పరుగెత్తేవాళ్ళం, మామ్మ మాత్రం పాత రేవు స్తంభాల దగ్గర ఆగిపోయేది. గోపాలపూర్ ఒకప్పుడు పెద్ద రేవు. ఇక్కడి నుంచి రంగూన్‌కు స్టీమర్లు పోయేవి. గంజాం నుంచీ శ్రీకాకుళం వైపు నుంచీ వేలమంది కూలి వెతుక్కుంటూ ఆ ఓడలెక్కారు. ఓడ ఒడ్డుదాకా రాలేదు గనుక, కొబ్బరిపీచు తాళ్ళతో పలకలు కుట్టిన మసూలా పడవల్లో మనుషుల్ని అలలు దాటించి ఓడ దగ్గరికి చేర్చేవారట. మామ్మ పెద్దన్నయ్య అలా వెళ్ళినవాడే. తిరిగి రాలేదు. ఆమె ఆ మొండి స్తంభాల్లో ఒకదాని మీద చెయ్యి వేసి కాసేపు నిలబడి, తరవాత కొంగుతో మొహం తుడుచుకుని, "పదండి, పొద్దెక్కిపోతోంది" అనేది. మాకు అప్పుడు దాని బరువు తెలియదు. మామ్మ ఆగింది గనుక మేమూ ఆగాలి, అంతే.

అమావాస్యకూ పున్నమికీ ఆటుపోట్లు పెద్దవిగా ఉంటాయి. మా తీరాన ఆ రోజుల్లో పొద్దెక్కేసరికి పోటు మీద ఉండే సముద్రం, మధ్యాహ్నం భోజనాలయ్యాక వెనక్కి తీస్తుంది. ఈ లెక్క ఎవరు చెప్పారో తెలియదు గానీ మా రోజంతా దాని ప్రకారమే నడిచేది. పొద్దున పోటులో పెద్దల స్నానాలు, మధ్యాహ్నం ఆటులో పిల్లల ఆటలు. గోపాలపూర్ ఒడ్డు ఏటవాలుగా ఉంటుంది. అల ఒడ్డు మీదే విరుగుతుంది, తిరిగి పోయేటప్పుడు కాళ్ళ కింది ఇసుకను కూడా లాక్కుపోతుంది. అందుకని స్నానానికి నోలియాల చెయ్యి పట్టుకుని దిగడం ఆనవాయితీ. నోలియాలంటే ఒడియావాళ్ళు పిలిచే పేరు. వాళ్ళు మన తెలుగు మాట్లాడే పల్లెవాళ్ళే, తెప్పల మీద వేటకు పోయేవాళ్ళు. ఒరిస్సాలో పుట్టి పెరిగిన మాకు, బడిలో ఒడియా, వీధిలో ఒడియా అయినా, సముద్రం ఒడ్డుకొచ్చేసరికి చుట్టూ తెలుగే వినబడడం ఒక వింత సంతోషం.

మాకు అయిన వాళ్ళలా ఒక నోలియా తాత ఉండేవాడు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు తమ్ముడి చెప్పు ఒకటి అలలో కొట్టుకుపోయింది. వాడు దాని వెనక పరుగెత్తాడు. అమ్మ కేక వేసేలోపే రెండో అల వచ్చి వాణ్ణి మడతపెట్టేసింది. ఆ తాత ఎక్కడి నుంచి వచ్చాడో మేమెవరమూ చూడలేదు. నీళ్ళలోంచి వాడి జుట్టు పట్టుకుని ఎత్తి తెచ్చి ఇసుకలో పడుకోబెట్టి, బోర్లా తిప్పి వీపు మీద చరిచాడు. వాడు ఉప్పునీళ్ళు కక్కి ఏడుపు మొదలుపెట్టాక గానీ అమ్మ ఊపిరి తీసుకోలేదు. నాన్న వాణ్ణి కొట్టలేదు, తిట్టలేదు. కాసేపు సముద్రం వంక చూసి, లేచి వెళ్ళి, తడి ఇసుక మీద మడమతో ఈ చివర నుంచి ఆ చివరకు ఒక పెద్ద గీత గీశారు.

"సముద్రం మీద కోపం పెట్టుకోకండి. ఈ గీత మాత్రం దాటకండి" అన్నారు.

ఆ గీతే మరుసటి నెలకు ఆటయింది. అల వెనక్కి పోయినప్పుడు గీత దగ్గర నుంచి నాలుగడుగులు ముందుకు పరుగెత్తి ఒక గుల్ల నాటి, తరవాతి అల పాదాన్ని తాకేలోగా గీత ఇవతలికి వచ్చెయ్యాలి. పాదం తడిస్తే ఆట నుంచి పోయినట్టు. ఎవరి గుల్ల అన్నిటికన్నా ముందుందో వాళ్ళది గెలుపు. నాన్న గీత మీద నిలబడి తీర్పు చెప్పేవారు. నాలుగడుగులు అన్నది ఆయన పెట్టిన హద్దే. ఐదో అడుగు వేసినవాళ్ళను పాదం తడవకపోయినా పక్కన కూర్చోబెట్టేవారు. భయపెట్టి ఆపడం కన్నా, భయానికి ఒక నియమం పెట్టి ఆడించడం ఎంత కష్టమైన పనో నాకు సొంత పిల్లలు పుట్టాక తెలిసింది.

మధ్యాహ్నం సరుగుడు చెట్ల నీడలో భోజనాలయ్యాక అసలు ఆటలు మొదలయ్యేవి. అందరికన్నా చిన్నది చెల్లి గనుక ముందు దాని ఆట: పిచ్చికగూళ్ళు. ఇది చెయ్యడానికి అన్ని ఇసుకలూ పనికిరావు. పొడి ఇసుక నిలవదు, మరీ నీళ్ళున్నది జారిపోతుంది. అల తడిపి వెళ్ళాక, కాలు వేస్తే పాదం చుట్టూ ఒక్క క్షణం తెల్లగా ఆరినట్టు కనిపించే చోటు ఉంటుంది చూడండి, అక్కడి ఇసుక కావాలి. దాని మీద కుడిపాదం పెట్టి, చుట్టూ ఇసుక పోగుచేసి, అరచేతితో మెత్తగా తట్టి తట్టి గట్టిపరిచి, చివరికి పాదాన్ని వెనక్కి తియ్యాలి. తీసేటప్పుడు వేళ్ళు పైకి లేవకూడదు, మడమ ముందు కదలాలి, ఊపిరి బిగబట్టాలి. గూడు నిలిచిందా, దాని లోపల పాదం ఆకారంలో చల్లని చీకటి. చెల్లి నేల మీద బోర్లా పడుకుని ఒక కన్ను మూసి ఆ చీకట్లోకి చూసేది. "పిచ్చిక వచ్చిందా?" అని అమ్మ అడిగేది. "ఇంకా లేదు, దారిలో ఉంది" అనేది అది. ఎన్నిసార్లు కూలినా అమ్మ తన పాదం అరువిచ్చేది. పెద్దపాదంతో కట్టిన గూడు పెద్దిల్లు, చిన్నపాదంతో కట్టింది వంటిల్లు. అలా ఒక వీధి కట్టేవాళ్ళు తల్లీ కూతుళ్ళు. చెల్లి ఆ వీధిలో మా ఇల్లు ఏదో చూపించి, ఇంటిలోపల వేలితో ఒక గుంట తవ్వేది, నాన్న మగ్గం కోసం.

నాన్నకు ఒక అలవాటుండేది. ఇసుక మీద ఊరికే బాసిపట్టు వేసుకుని కూర్చోలేకపోయేవారు. జానెడు లోతు గుంట తవ్వుకుని అందులోకి కాళ్ళు దించి, గట్టు మీద కూర్చునేవారు. జీవితమంతా అలా కూర్చున్న మనిషికి అదే సుఖం. అలా కూర్చున్నాక, తన ఎదురుగా ఇసుకలో రెండు వరసలు, వరసకు ఏడు చొప్పున 14 చిన్న గుంటలు చేసేవారు. అవి వామనగుంటలు. ఇంట్లో చెక్కపలక ఉన్నా దాన్ని ఎప్పుడూ తేలేదు. అక్కడి గుంటలు అక్కడే తవ్వాలి, అక్కడి గుల్లలే ఏరాలి. గుంటకు ఐదు చొప్పున 70 గుల్లలు కావాలి. మొదటి రోజు మేము ఏరి తెచ్చిన వాటిలో ఒకే పరిమాణంలో ఉన్న వాటిని, పట్టు పోగులు ఏర్చినట్టే ఏర్చి, మిగతావి సముద్రానికే వదిలేశారు. ఆ 70 గుల్లల కోసమే అమ్మ సంచి కుట్టింది.

గుల్లలు లెక్కపెట్టేటప్పుడు నాన్న "ఒకటి" అనేవారు కాదు. ధాన్యం కొలిచేవాళ్ళ మాదిరిగా "లాభం" అని మొదలుపెట్టేవారు. లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు, ఆరునొక్కటి. ఏడు అనే మాట ఏడుపును పిలుస్తుందని దాన్ని నోటితో అనేవారు కాదు. ఆటలో ఒకరి తరవాత ఒకరు తమ వైపు ఒక గుంటలోని గుల్లలన్నీ తీసి, కుడివైపుగా గుంటకొకటి పంచుకుంటూ పోవాలి. చేతిలోవి అయిపోయాక పక్క గుంటలో ఉన్నవి తీసి మళ్ళీ పంచాలి. పక్కది ఖాళీ అయితే దాని తరవాతి గుంటలో ఉన్నవన్నీ మనవి. వినడానికి ఇంతే. కానీ ఏ గుంట నుంచి మొదలుపెడితే ఎక్కడ ఆగుతుందో ముందే చూడగలిగినవాళ్ళది ఆట. నాన్న చూడగలిగేవారు. వేల పోగుల పడుగును కళ్ళతో లెక్కించే మనిషికి 14 గుంటలు ఒక లెక్కా! ఆయన మాకు ఎప్పుడూ కావాలని ఓడిపోలేదు. పిల్లలు కదా అని వదిలెయ్యడం వాళ్ళను తక్కువ చెయ్యడమేనని ఆయన ఉద్దేశం అనుకుంటాను. తప్పు గుంట మీద నా చెయ్యి పడబోతే మాత్రం చిన్నగా దగ్గేవారు. ఆ దగ్గు విని చెయ్యి వెనక్కి తీసుకుని మళ్ళీ ఆలోచించేదాన్ని. పదకొండో ఏట ఒక మాఘమాసపు అమావాస్యనాడు నేను ఆయన్ని గెలిచాను. దగ్గు లేకుండా. ఆయన తన వైపు ఖాళీ గుంటలన్నీ ఒకసారి చూసుకుని, గుల్లలు రెండు దోసిళ్ళతో ఎత్తి నా ఒళ్ళో పోశారు. ఆ గుల్లలకు ఎండ వేడి ఉంది. ఆ వేడి నా పరికిణీ లోంచి తొడలకు తగలడం ఇవాళ కూడా తెలుస్తుంది నాకు.

పక్కింటి ఒడియా పిల్లలు మొదట్లో మా ఆటల పక్కన నిలబడి చూసేవారు. తరవాత వాళ్ళ ఖపరా డియాఁ మాకు నేర్పారు. అది మన తొక్కుడుబిళ్ళే, గళ్ళు గీసే తీరులో తేడా అంతే. కుండపెంకు బదులు అక్కడ చదునైన గుల్ల విసిరేవాళ్ళం. మా పిక్కలాట వాళ్ళు నేర్చుకున్నారు. ఐదు రాళ్ళు పైకెగరేసి పట్టే ఆ ఆటలో మా అమ్మను కొట్టినవాళ్ళు లేరు. వంటింట్లో ఎప్పుడూ తలవంచుకుని తిరిగే అమ్మ, కొంగు నడుముకు దోపి, ఎడమచేతిని నేలమీద ఆనించి, కుడిచేత్తో రాళ్ళు ఎగరేస్తుంటే నాన్న చేతిలో పని ఆపి చూసేవారు. చివర్లో ఒడియా పిల్లలందరూ "ఆవు థరే, మావుసీ, ఆవు థరే!" అని అరిచేవాళ్ళు, ఇంకొక్కసారి, పిన్నీ అని. మా చెల్లి చాలాకాలం ఆ ఆట పేరే "ఆవుథరే" అనుకుంది. ఇప్పటికీ ఫోనులో మాట్లాడి పెట్టేసేముందు మేమిద్దరం ఒకరికొకరం ఆ మాట చెప్పుకుంటాం.

తమ్ముడికి ఈ కూర్చునే ఆటలు పట్టేవి కావు. వాడికి నల్ల ఇసుక కావాలి. మా తీరం ఇసుకలో అల వెనక్కి తీసినప్పుడల్లా నల్లని చారలు పడతాయి, అక్కడక్కడ ఎర్రటివి కూడా. బరువైన రేణువులను అల వెంట తీసుకుపోలేదు గనుక అవి పేరుకుని అలా చారలవుతాయి. నల్లటిది ఎక్కువగా ఇల్మనైట్, ఎర్రటిది గార్నెట్ అని పేర్లు తరవాత తెలిశాయి. ఛత్రపురం దగ్గర ఈ ఇసుకను వేరుచేసే కర్మాగారమే వచ్చింది. రంగులకు తెల్లదనమిచ్చే పొడికి ఈ నల్ల ఇసుకే ముడిసరుకని తెలిసినప్పుడు తమ్ముడు ఎంత ఆశ్చర్యపోయాడో! అప్పట్లో వాడి దగ్గర పాడైపోయిన రేడియో స్పీకరు అయస్కాంతం ఒకటుండేది. దాన్ని కాగితంలో చుట్టి పొడి ఇసుకలో దొర్లిస్తే నల్ల రేణువులు నిక్కబొడుచుకుని అంటుకునేవి. కాగితం విప్పితే జలజలా రాలేవి. ఒక మందుసీసా నిండేదాకా వాడు తల ఎత్తేవాడు కాదు. నాన్న వాడి పక్కన గొంతుక్కూర్చుని సీసాను ఎండకు ఎత్తి పట్టుకుని చూసి, "మంచి నలుపు. ఈ రంగు పట్టుకు ఎక్కితే ఎంత బాగుంటుందో" అన్నారు ఒకసారి. వాడు ఆ మాటకు వారం రోజులు పొంగిపోయాడు.

ఇసుకను పొడుగ్గా గట్టులా పోసి లోపల పుల్ల దాచే ఆట ఉండేది, పులి-మేక ఉండేది. పులి-మేక గళ్ళు నాన్నే గీసేవారు. మూడు పులులకు మూడు పెద్ద గుల్లలు, 15 మేకలకు సరుగుడు కాయలు. మామ్మ ఎప్పుడూ మేకల వైపే. "పులికి ఆకలేస్తే ఎటైనా పోయి తింటుంది, మేకకు మనమే కదమ్మా దిక్కు" అనేది. ఒక్కో మేకనూ పేరు పెట్టి దించేది. మామ్మ గెలిచిన రోజు పులులు మూడూ ఎటూ కదలలేక గళ్ళలో కూర్చుంటే, ఆమె రేవు స్తంభాల దగ్గర పడిన దిగులు ఆ సాయంత్రానికి పోయేది.

ఇవాళ గోపాలపూర్ ఒడ్డున పిల్లలకు గుర్రం సవారీ ఉంది, ప్లాస్టిక్ బాల్చీలూ పారలూ అమ్మే బళ్ళున్నాయి. వాటి మీద నాకు ద్వేషం లేదు. కానీ పిల్లవాణ్ణి గుర్రమెక్కించి ఫొటో తీసి, తరవాత ఇద్దరూ చెరో వైపు తిరిగి కూర్చున్న తల్లిదండ్రుల్ని చూస్తే నాకు నిజంగా బాధేస్తుంది, వెళ్ళి వాళ్ళ ఎదురుగా ఒక గళ్ళ పటం గీసి రావాలనిపిస్తుంది. మా నాన్న చదువుకున్నది నాలుగో తరగతి. పిల్లలతో సమయం గడపాలని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయనకు నెలకు ఒక రోజు దొరికింది, ఆ ఒక్క రోజూ నేల మీద మా ఎత్తుకు దిగి కూర్చున్నారు.

తరవాతి కాలం గురించి ఎక్కువ చెప్పను. మేము పెద్దవాళ్ళమయ్యాం. నాకు పెళ్ళయింది. తమ్ముడు మా జిల్లా నుంచి వెళ్ళే వేలమందిలాగే సూరత్ వెళ్ళి మరమగ్గాల్లో చేరాడు. నాన్నకు చూపు తగ్గి మగ్గం ఆగింది. 2013 అక్టోబరు 12, దసరా అష్టమి రాత్రి, ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. ఇచ్ఛాపురంలో మేము తలుపులకు బల్లలు అడ్డంపెట్టి తెల్లవార్లూ కూర్చున్నాం. బరంపురంతో ఫోను కలవలేదు. నాన్నా అమ్మా క్షేమంగా ఉన్నారని తెలియడానికి రెండు రోజులు పట్టింది.

ఆ తరవాత వచ్చిన చొల్లంగి అమావాస్యకు, 2014 జనవరి నెలాఖరులో, సముద్రస్నానం చెయ్యాలని నాన్న పట్టుబట్టారు. ఆయన 1936లో పుట్టారు, గంజాం జిల్లా మద్రాసు నుంచి విడిపోయి కొత్త ఒరిస్సాలో కలిసిన ఏడాది. అంటే అప్పటికి 78వ ఏడు నడుస్తోంది. ఆటోలో తీసుకెళ్ళాం. మేము అన్నాలు తిన్న సరుగుడు తోట లేదు. వేళ్ళతో సహా పడిపోయిన మొద్దులు, మధ్యలో ఆకాశం. నాన్న వాటి వంక కాసేపు చూశారు. తరవాత నా వైపు తిరిగి, "సంచి తెచ్చావా అమ్మడూ?" అన్నారు. తెచ్చాను. గుంట నేనే తవ్వాను, ఆయన కాళ్ళు నేనే దించాను. గుంటలు మాత్రం ఆయనే చేశారు, వేలితో తడిమి, దూరాలు సమానంగా చూసుకుని. చూపు లేకపోయినా ఏ గుంటలో ఎన్ని ఉన్నాయో ఆయనకు తెలుసు. ఆట సగంలో ఉండగా చెయ్యి వణికి ఒక గుల్ల జారింది. వెతికాం. అది ఆ లక్షల గుల్లల్లో ఒకటైపోయింది. పక్కన ఎన్ని పడి ఉన్నా ఆయన మరొకటి ఏరనివ్వలేదు. అమ్మ పులిహోర డబ్బా మూతకు అంటుకున్న చింతపిక్క ఒకటి తీసి, నీళ్ళతో కడిగి, ఆయన చేతిలో పెట్టింది. "ఇది మనింటిది" అని ఆయన దాన్ని గుంటలో వేశారు. ఆ రోజు ఆయనే గెలిచారు. ఆ ఏడు వానలు పడకముందే పోయారు.

పోయిన ఏప్రిల్‌లో సూరత్ నుంచి మా అమ్మాయి, అల్లుడు, పిల్లలు వచ్చారు. మనవరాలికి తొమ్మిదేళ్ళు, మనవడికి ఆరు. వాళ్ళను ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి తెల్లవారుజామునే తీసుకెళ్ళాం. ఏటా కాకపోయినా చాలా ఏళ్ళు ఫిబ్రవరి, మార్చి నెలల్లో లక్షల ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు అక్కడ గుడ్లు పెడతాయి. నెలన్నర, నెలా ఇరవై రోజులకు పిల్లలు ఇసుకలోంచి బయటికొస్తాయి. ఆ చోటు శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చింది 1994లోనే గానీ, మా నోలియా తాత చిన్నప్పుడే మాకు తాబేటి అడుగుల జాడలు చూపించాడు. తాబేలుపిల్ల వెలుతురున్న వైపు పోతుంది గనుక టార్చి వెయ్యవద్దని అక్కడున్న కుర్రవాళ్ళు చెప్పారు. మనవడు చీకట్లో నా చెయ్యి పట్టుకుని నిలబడి, అరచేతిలో పట్టేంత పిల్ల ఒకటి మా పాదాల ముందు నుంచి పాక్కుంటూ పోయి నీళ్ళు తాకేదాకా కదల్లేదు. వాడు ఎక్కడా అంతసేపు కదలకుండా ఉన్నది లేదని వాళ్ళమ్మ అంది.

అక్కడి నుంచి గోపాలపూర్ వచ్చాం. తుపాను తరవాత నాటిన సరుగుడు చెట్లు ఇప్పుడు నీడనిచ్చేంత అయ్యాయి. అన్నాలయ్యాక మనవరాలు నా పక్కన కూర్చుని సంచి మూతి విప్పింది. గుంటలు ఎలా చెయ్యాలో చెప్పాను. గుల్లల మధ్య చింతపిక్క చూసి, "అమ్మమ్మా, ఇది పొరపాటున వచ్చిందా?" అని అడిగింది. కాదని చెప్పాను. ఎందుకో అడగలేదు, తీసి తన వైపు మొదటి గుంటలోనే పెట్టుకుంది. వాళ్ళింట్లో తెలుగే మాట్లాడతారు గానీ, లెక్కలు మాత్రం బడిలో నేర్చిన గుజరాతీలోనే వస్తాయి దానికి. గుంటకు ఐదు చొప్పున పంచడానికి గుల్లలు గుప్పిట్లోకి తీసుకుంది. మొదటిదాన్ని లాభం అనాలమ్మా అని చెప్పాను. అది తల ఊపి, నాలుక కొసను పళ్ళ మధ్య పెట్టి, ఒక్కొక్కటే వెయ్యడం మొదలుపెట్టింది.

"లాభం, బే, త్రణ్, చార్..."